లాంచీ ఇంజనుకు తొలి నిప్పు

నరసన్నపేటలో ఎక్కడ నిలబడినా సముద్రం కనపడదు. అయినా సముద్రపు లాంచీలకు ఆవిరి ఇంజన్లు అక్కడే, రోడ్డు పక్క రేకుల షెడ్డులో తయారయ్యేవి. మా యజమాని తండ్రి రంగూన్‌లో ఓడల కార్ఖానాలో పని నేర్చుకుని, యుద్ధకాలంలో తిరిగొచ్చాడట. భార్య తరఫున వచ్చిన స్థలం ఇక్కడుంది కాబట్టి కొలిమి ఇక్కడే పెట్టాడు. ఇసుక అచ్చుల్లో సిలిండర్లు పోసేవాళ్లం, బాయిలరు రేకులకు రివెట్లు కొట్టేవాళ్లం. తయారైన ఇంజను ఎడ్లబండి మీద రేవుకు వెళ్లేది.

అరవైల చివరికి అందరూ డీజిలు వైపు మళ్లారు. మా చేతిలో ఒక్క ఇంజను మిగిలింది. భావనపాడు వైపు ఉప్పు పడవలను లాగే లాంచీ ఆసామి చేయించుకున్నది అది. ఆయనకు సొంత సరుగుడు తోట ఉంది, కట్టెకు కొదవ లేదు. కానీ డీజిలు ఏజెంటు ఆయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడని మాకు తెలుసు. "ఇది ఆయన తీసుకెళ్లకపోతే కొలిమి ఆర్పేస్తాను" అని యజమాని మాతో చెప్పేశాడు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. కొత్త బాయిలరుకు తొలి నిప్పు ఇంజను కొన్నవాళ్ల ఇంటి పొయ్యిలోంచే రావాలి. ఊక నింపిన కుండలో నిప్పు తెచ్చేవారు. పెద్ద ఫిట్టరు అందుకుని బాయిలరు పొయ్యిలో వేసేవాడు. ఆయన ఆ వేసవిలో చనిపోవడంతో ఆ పని నాకు వచ్చింది.

నేను ప్రార్థన మందిరంలో పెరిగినవాణ్ని. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి మా సంఘంలో బోధ స్పష్టంగా ఉండేది. తెలియక తింటే దోషం లేదు, తెలిశాక ముట్టకూడదు. నిప్పు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆసామి, ఆయన భార్య బండి మీద వచ్చారు. ఆమె ఒళ్లో కుండ ఉంది.

"బస్సోడు ఎక్కనివ్వనేదు" అన్నాడు ఆసామి దిగుతూ. "కుంపటట్టుకుని కూకుంటావేటి మావా, బస్సు కాల్సెత్తావా అన్నాడు. దారంతా దీనికి ఊక మేపుకుంటా వచ్చినాం."

అందరూ నవ్వారు. ఆమె కుండ నా ముందుకు చాపింది. దాని మెడకు పసుపు రాసి ఉంది. చూశాక చూడనట్టు ఉండడం నాకు చేతకాలేదు.

"అక్కా, ఇది వంట నిప్పేనా, పూజలో పెట్టారా?"

"ఒరే, ఇప్పుడదేం ప్రశ్న? అందుకో" అన్నాడు యజమాని.

"అబద్దమెందుకాడతాను తమ్ముడా? పొద్దుట అమ్మోరి ముందెట్టి, దణ్ణమెట్టుకుని తెచ్చినాం" అంది ఆమె.

"అయితే నేను ముట్టించలేనక్కా."

యజమాని ముఖం పాలిపోయింది. ఆసామి తలపాగా విదిలించి మళ్లీ చుట్టుకున్నాడు. "ఏటి, మా ఇంటి నిప్పు నీకు పనికిరాదా? డీజిలోడైతే నిప్పే అడగడు. పదవే, పోదాం."

ఆమె కదల్లేదు. "ఎక్కడికెల్తావు? ఈడు ముట్టుకోనంటే నిప్పు ఆరిపోనాదా? పొయ్యి ముట్టించడానికి మగోడే కావాలేటి? తప్పుకోండి."

"మా నాన్న నాటి నుంచి ఆడవాళ్లు ఇక్కడ నిప్పు..." అని యజమాని నసిగాడు.

"మీ నాన్నకి కూడెవులు వండినారు బాబూ?"

యజమాని తప్పుకున్నాడు. ఆమె కొంగు బిగించి, కుండను బాయిలరు పొయ్యిలోకి వంచింది. ఎండు సరుగుడు పుల్లలు పేర్చి, మేము రాగి పైపు ముక్క అందిస్తే దానితో ఊదింది. కళ్ల నీళ్లు కారుతున్నా ఊదుతూనే, మధ్యలో మొగుణ్ని తిట్టి ఇంకా పుల్లలు తెప్పించుకుంది. మంట అందుకుంది.

ఆవిరి నిండాక వాల్వు తిప్పవలసింది నేనే. మనసులో ప్రార్థన చేసుకుని తిప్పాను. ఇంజను చక్రం ఒకసారి తటపటాయించి, తర్వాత తేలిగ్గా తిరగసాగింది. ఆసామి చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"గొంతు బాగున్నాది. బండెక్కించండ్రా" అన్నాడు.

ఇంజను చల్లారాక తాళ్లు బిగిస్తుంటే యజమాని నా పక్కకు వచ్చాడు. "ఆవిడ లేకపోతే నా పని అయిపోయేది కదరా" అన్నాడు. అవునన్నాను. ఆయన తాడు రెండో కొస అందుకుని బిగించాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు నన్ను కూర్చోబెట్టారు. నిప్పు ముట్టకపోవడం మంచిదే, మరి ఆ నిప్పుతో పుట్టిన ఆవిరిని ఇంజనులోకి వదలడం సంగతేమిటని అడిగారు. ఆవిరంటే నీళ్లే, ఆ నీళ్లు మా షెడ్డు బావివేనని చెప్పాను. ఒక పెద్ద ఒప్పుకున్నాడు. ఇంకో పెద్ద తల అడ్డంగా ఊపాడు. పాస్టరుగారు ఏదీ తేల్చకుండానే ప్రార్థన చేసి ముగించారు. దేవుడు నన్ను ఆ రోజు విడిచిపెట్టలేదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

తర్వాత ఆవిరి ఇంజను కావాలని ఎవరూ రాలేదు. యజమాని అదే కొలిమిలో వ్యవసాయ పంపుల భాగాలు పోయించడం మొదలుపెట్టాడు. వాటికి ఎవరూ ఇంటి నిప్పు తేలేదు. నాకూ ఎవరినీ ఏమీ అడగవలసిన పని పడలేదు.