గోడకు తిప్పిన కూలర్

కూలర్లు బాగుచేసే ఐజాక్ నోరు మంచిది కాదని రాప్తాడంతా అంటాది. "నీ తిట్లకు భయపడే మోటార్లు తిరుగుతాండాయి," అని పెండ్లాం సారా ఎగతాళి చేస్తాది. ఇరవై ఏండ్లుగా ఇంటింటికీ పోయి 'కిటికీ తెరిచి పెట్టండప్పా' అని ఒకే మాట చెప్పి చెప్పి, పాపం మనిషికి ఓపిక చచ్చిపోయింది.

ఆ మే నెల మధ్యాహ్నం బయ్యన్న ఫోన్ చేసినాడు. కూలర్ చల్లగా లేదంట. కూతురు హేమ పదైదు దినాల బాలింతంట.

పోయి తలుపు తీస్తానే ఐజాక్ మొహానికి ఆవిరి కొట్టింది. కిటికీలన్నిటికీ గోనెసంచులు బిగించినారు. బాలింతకు గాలి తగలకూడదని కూలర్ మొహం గోడకు తిప్పినారు! రెండు కంబళ్ల కింద పసిబిడ్డ కందగడ్డ మాదిరి ఎర్రగా ఉండాది. పొద్దున్నుంచి పాలు తాగలేదంట, ఏడుపూ లేదంట.

ఐజాక్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఎవురప్పా ఈ గది మూసింది? బుద్ధుండాదా? నీళ్లు ఆరతా వేడిని లాక్కుంటేనే కదా చల్లదనం! ఎండుగాలి ఒక పక్క రావల్ల, తేమగాలి ఇంకో పక్క పోవల్ల. అంతా మూసేస్తే నీళ్లూ ఆరవు, ఒంటిమీద చెమటా ఆరదు. మరి వేడి యాడికి పోతాది? బిడ్డ ఒంట్లోనే ఉడుకుతాది!"

"కూలర్ చూడమంటే పురిటిగది సంగతి నీకెందుకప్పా?" బయ్యన్న పెండ్లాం బయమ్మ మీదికొచ్చింది.

"కూలర్‌కు ఏ రోగమూ లేదమ్మా, రోగమంతా మీ తలకాయల్లో ఉండాది!" అంటా ఐజాక్ గోనెసంచి పట్టి లాగినాడు.

బయ్యన్న ఆ చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు. "నా ఇంట్లో నా మీదే అరుస్తావా?"

బిడ్డ పక్కన పండుకున్న హేమ మంచం దిగింది. కంబళ్లు పీకి పారేసి, బిడ్డను ఎత్తుకుని వాకిలి కాడికి పోయింది. "ఏం చేయల్లో చెప్పన్నా!"

"తడిగుడ్డతో ఒళ్లు తుడువు తల్లీ. గాలికి పట్టు."

తుడిచింది. తడి ఆరేకొద్దీ మళ్లీ తుడిచింది. కొంచేపటికి బిడ్డ సన్నగా మూలిగి, కేరుమనింది. బయ్యన్న ఐజాక్ చెయ్యి వదిలేసినాడు.

"ఇంకా చూస్తాండావేందన్నా, ఆస్పత్రికి కారు తీయ్!" ఐజాక్ అరిచినాడు.

కారెక్కుతాంటే బయమ్మ కంబళి తెచ్చి, "కప్పుకో, గాలి తగులుతాది," అనింది.

హేమ దాన్ని గుంజి మట్టిలోకి విసిరేసింది. "నువ్వు రావద్దమ్మా. నా బిడ్డ బతికి ఇంటికొస్తే అప్పుడు మాట్లాడు."