ఎడమ పక్క వెచ్చదనం

ఉదయం పదీ నలభైకి కరెంటు పోయింది. మా ఊళ్లో అది వార్త కాదు. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటాం. ఎక్కడో ఒక కొమ్మ తీగ మీద వాలినా పోతుంది. ఫ్యాను ఆగింది, అంతే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి కరెంటును తప్పుపట్టే వీలు లేదు.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. మా ఇంట్లో ప్రార్థన ఉంది గానీ తాయెత్తు లేదు. చదివిన పుస్తకాలూ నన్ను అటు తోయలేదు.

మా చెల్లెలు దీన సీసీ కెమెరాలు బిగించే పని చేసేది. ఆ పని చేస్తూనే, సినిమా తీయడానికి పనికొచ్చే కెమెరా ఒకటి సొంతంగా తయారుచేసుకుంది. లోపల బొమ్మను పట్టే సెన్సర్ చిటికెన వేలి గోరంత. దానికో బోర్డు, ఒక పాత లెన్సు, ఖమ్మంలో లేతు మిషను మీద కోయించిన అల్యూమినియం పెట్టె. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు రోజుల్లో స్క్రూలు అందించడం, తను చెప్పిన చోట పట్టుకోవడం నా వంతు.

ఆ పెట్టె చూసి మా మేనమామ నవ్వాడు.

“ఏంది దీనా, టిఫిన్ డబ్బాకు కన్ను పెట్టినవా?”

“అవ్ మామా. జర కదలకుండ కూసో, నీ మొకం అండ్ల పెట్టి మూతేస్త.”

చిన్న సెన్సర్‌తో ఒక ఇబ్బంది ఉంది. వేడెక్కితే, వెలుతురు లేకపోయినా దానికి ఏవో కనిపిస్తాయి. మూత పెట్టి తీసినా నలుపులో తెల్ల చుక్కలు వస్తాయి. అందుకని ప్రతి షాటుకు ముందు లెన్సుకు మూత పెట్టి, ఒట్టి చీకటిని కాసేపు రికార్డు చేయాలి. తర్వాత కంప్యూటర్లో ఆ చీకటిని అసలు బొమ్మలోంచి తీసివేస్తే చుక్కలు పోతాయి. “చీకటి పట్టు అన్నా” అనేది దీన.

చీకటి రికార్డవుతున్నంతసేపూ తను ఎడమ అరచెయ్యి పెట్టె పక్కన ఆనించేది, పిల్లల నుదురు చూసినట్టు. “దీనికి జరమొచ్చింది” అనేది. ఆ చేతి వేడికి చీకటి బొమ్మలో ఎడమ అంచున బూడిద రంగు మసక మెల్లగా లేచేది. చెయ్యి తీస్తే మెల్లగా తగ్గేది. “నా చెయ్యి పడ్డది, మల్ల పట్టు” అని నాలుక కరుచుకునేది. మళ్లీ అదే చేసేది. నేను ఒక్కణ్నే పట్టినప్పుడు ఆ మసక ఎప్పుడూ రాలేదు.

పోయిన వానాకాలం దీన జ్వరంతో చనిపోయింది. తను తీస్తున్న చిన్న సినిమాలో ఒక్క షాటు మిగిలింది: అమ్మ గడపలో కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుట్టడం. ఇంట్లో తన జ్ఞాపకార్థం పెట్టే ప్రార్థన కూడిక నాటికి అది పూర్తిచేసి అందరికీ చూపించాలని పట్టుబట్టాను. మామ ఎలాగూ వస్తాడు. ఆయన ముందు ఆ పెట్టె ఓడిపోకూడదు.

ఆ ఉదయం కరెంటు పోయినప్పుడు కెమెరా బ్యాటరీ మీద, స్టాండుకు బిగించి ఉంది. అమ్మ గడపలో ఉంది. నేను మూత పెట్టి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కెమెరా దగ్గర ఎవరూ లేరు. చీకటి రికార్డయ్యాక వెలుతురు పెంచి చూస్తే, ఎడమ అంచున బూడిద రంగు మసక ఉంది. మెల్లగా లేచింది, కాసేపు నిలిచింది, మెల్లగా తగ్గింది.

మళ్లీ పట్టాను. మళ్లీ వచ్చింది. ఎండ గుమ్మంలోంచి కుడివైపుగా పడుతోంది, ఎడమకు రాదు. అయినా కెమెరాను గోడవైపు తిప్పి పట్టాను. అప్పుడూ ఎడమ అంచునే. లేచి పెట్టెను ముట్టుకున్నాను. వేడెక్కే చిప్పు ఉన్న కుడి పక్క ఇంకా చల్లగానే ఉంది. ఎడమ పక్క, అరచెయ్యంత మేర, వెచ్చగా ఉంది.

“ఏంది రా, నువ్వు గూడ దానికి జరం చూస్తున్నవా?” అని అమ్మ నవ్వింది. దీన పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

“ఏం లేదమ్మా. మచ్చ పడుతుంది.”

“ఏం మచ్చ?”

“మిషన్‌దే. తీసేస్త.”

గుర్తుపట్టలేదని చెప్పుకుంటే బాగుండేది. గుర్తుపట్టాను. మిగిలిపోయిన ఈ షాటు కోసమే దీన చివరిసారి పట్టిన చీకటి ఇంకా మెమరీ కార్డులోనే ఉంటే, తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను కూడా. లేచే తీరు, తగ్గే తీరు ఒకటే. అయినా అమ్మను పిలవలేదు. కెమెరాను మళ్లీ గడపవైపు తిప్పి షాటు తీశాను. బొమ్మలో ఎడమ అంచున, సరిగ్గా అమ్మ భుజం మీద, ఆ మసక పడింది. పద్ధతి ప్రకారం దాన్ని తీసివేశాను. శుభ్రమైన బొమ్మ వచ్చాక కార్డు ఖాళీ చేయడం మా అలవాటు, జాగా చాలదు. ఆ రోజూ చేశాను. దీన చివరి చీకటి కూడా దాంతోపాటే పోయింది.

కూడిక రోజు గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా చూపించాం. మామ చివరిదాకా కదలకుండా చూశాడు. తర్వాత వచ్చి నా వీపు తట్టాడు. “మంచిగొచ్చింది రా. ఒక్క మచ్చ లేదు.”

ఆ మాట కోసమే ఇదంతా చేశాను. అది విన్నాక ఎవరి మొహమూ చూడలేకపోయాను.

తర్వాత చాలాసార్లు మూత పెట్టి చూశాను. అదే చోట, అదే వేళకు, ఇంట్లో మెయిన్ ఆపేసి మరీ చూశాను. నలుపు, చుక్కలు, అంతే. బోర్డులు బాగుచేసే ఒకాయనకు పెట్టె విప్పి చూపించాను. ఎడమ పక్క వేడెక్కే వస్తువేదీ లేదన్నాడు.

ఒక రోజు అమ్మ అడిగింది.

“రోజూ దానికి మూతేసి ఏం చూస్తున్నవ్ రా?”

అంతా చెప్పాను. అమ్మ చేతిలో ఆకు ఆగింది.

“నా బుజం మీదనా?”

“అవ్.”

“తుడిచినవా?”

తలూపాను.

“ఒక్కపారి నన్ను పిలవకపోతివి,” అంది. మళ్లీ ఆకు కుట్టుకుంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వేడి అనే మాట తప్ప నా దగ్గర ఇంకో మాట లేదు. ఆ వేడి ఎక్కడిదో చెప్పలేను.

కెమెరా వాడుతూనే ఉన్నాం. ఏం తీసినా బొమ్మ నిండా చుక్కలే. మామ మళ్లీ టిఫిన్ డబ్బా అంటున్నాడు. దాంట్లో తీసిన ఏ బొమ్మలోంచీ ఇప్పుడు మేం చీకటిని తీసివేయడం లేదు.