ఉప్పు లేని పులగం

నిన్న పొద్దున నేను విన్నది ఏమిటో ఇంకా అర్థం కావటం లేదు.

ఇంటి వెనక మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నాను. బావగారి గదిలోంచి డ్రమ్ము వినపడింది. రెండు దెబ్బలు. ఆగి మళ్ళీ రెండు. గుండె కొట్టుకున్నట్టు. ఎప్పుడూ అలాగే వాయిస్తారు.

చేలోంచి తొందరగా వచ్చేశారేమో అనుకున్నాను. లేచి, ఆయన కుండ కడిగి పులగం పొయ్యి మీద పెట్టాను.

అది ఉడుకుతుండగా మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. అన్నయ్య పత్తిచేలో పడిపోయాడు, ప్రాణం లేదు అన్నారు.

"ఇంట్లోనే ఉన్నారుగా" అన్నాను.

గది తలుపు తీసి చూశాం. ఎవరూ లేరు. డ్రమ్ము మీద కప్పిన తువ్వాలు కప్పినట్టే ఉంది.

హార్ట్ ఎటాక్ అన్నాడు డాక్టర్.

పొయ్యి మీద పెట్టినప్పుడు అది బతికున్న మనిషి తిండి. దించేసరికి కాదు.

నేను ఇక్కడ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో క్లాసుతో బడి మానేశాను. మా ఆడపడుచు టైపు చేస్తోంది, మాటలు నావి. ఊళ్ళో నిన్నటి నుంచి ఒక మాట నడుస్తోంది. అందుకే ఈ పోస్ట్.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా బావగారు సాంబశివరావు, మా ఆయనకి సొంత అన్న. షిప్పులో వంట చేసేవారు. జమైకాలో జబ్బు పడితే ఆయన్ని అక్కడే దింపి షిప్పు వెళ్ళిపోయింది. ఒక ముసలాయన తన ఇంటికి తీసుకెళ్ళి నెలల తరబడి సాకాడట. ఆ ముసలాయన రస్తాఫారి అనే మతంవాడు. బావగారు ఊరికి తిరిగొచ్చేసరికి ఆ నమ్మకం ఈయనది కూడా అయింది.

అప్పటికి నా పెళ్ళయి నెల కూడా కాలేదు.

దేవుణ్ణి 'జా' అనేవారు. ఆ దేవుడు ఇథియోపియా రాజుగా వచ్చాడనేవారు. తెలుగు బైబిల్లో కీర్తనలు రోజూ చదివేవారు, చర్చికి మాత్రం వెళ్ళేవారు కాదు. మాంసం లేదు, మందు లేదు. తలకి కత్తి తగలనిచ్చేవారు కాదు, జుట్టంతా జడలు కట్టింది. అక్కడ గంజాయి ప్రార్థనలో భాగమట, ఇక్కడికొచ్చాక మానేశానని మా ఆయనతో చెబుతుంటే విన్నాను.

నేను బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. అన్నీ తలుపు వెనక నుంచి విన్నవే.

ఆ జడలు చూసి పక్కవీధి కోటమ్మగారు ఆయనకి అమ్మవారు పూనిందనుకుంది. పసుపు కుంకుమ పళ్ళెం తెచ్చి, మనవడి జ్వరం తగ్గించమని కాళ్ళమీద పడింది. బావగారు గోడదాకా వెనక్కి జరిగారు. నేను సామిని కాదు పెద్దమ్మా, పిల్లాడికి మాత్ర వెయ్యి అన్నారు. జ్వరం తగ్గింది. మాత్ర సంగతి కోటమ్మగారు ఎవరికీ చెప్పలేదు. మర్నాటికి మా వాకిట్లో ఇంకో నాలుగు పళ్ళేలు.

ఆ ఒక్కరోజే ఆయన పెద్దగా నవ్వటం విన్నాను.

ఉప్పు దగ్గరే వచ్చింది కష్టం.

ఆ నమ్మకంవాళ్ళు ఉప్పు తినరు. లోహపు గిన్నెలో వండరు. మట్టికుండలో బియ్యం, పెసరపప్పు, ఏదో ఒక కూరగాయ, అంతే. మన దగ్గర మట్టికుండలో ఉప్పు వెయ్యకుండా ఎవరికి వండుతామో మీకు తెలుసు.

మామయ్య పోయిన రోజు బావగారు శవాన్ని చూడలేదు. పత్తిచేలోకి వెళ్ళిపోయారు. చావు దగ్గరికి వెళ్ళకూడదు, చావు మాట పలకకూడదు, ప్రాణానికి అంతు లేదు అని వాళ్ళ నమ్మకం. మా ఆయనే తలకొరివి పెట్టారు. పాడె మోసినవాళ్ళకి దారంతా చేలోంచి ఆ డ్రమ్ము వినపడుతూనే ఉందట.

అప్పటి నుంచి అత్తయ్యకి భయం పట్టుకుంది.

"బతికున్నోడికి పిండాకూడు వండుతున్నావే నువ్వు. ఒక్క చిటికెడు ఉప్పెయ్యి, వాడికేం తెలవదు" అన్నారు నాతో.

వేశాను.

బావగారు ఒక ముద్ద తిని ఆగిపోయారు. నేను తలుపు వెనక ఉన్నానని ఎలా తెలిసిందో.

"అమ్మాయ్, నిన్నెవరో భయపెట్టారు" అన్నారు. "ఇది బతికే తిండమ్మా. భయం లేకుండా వండు."

అత్తయ్య మాట నేను ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత నిన్నటిదాకా ఏడేళ్ళు, ఒక్క రోజు కూడా ఉప్పు వెయ్యలేదు.

ఇప్పుడు ఊళ్ళో మాట ఏమిటంటే, ఏడేళ్ళు పిండాకూడు పెట్టి ఆ పిల్లే మనిషిని పంపేసిందని. నిన్న ఆయన్ని పడుకోబెట్టిన చోటే ఇద్దరు అనుకున్నారు. అత్తయ్య కూడా విన్నారు. ఏమీ అనలేదు.

నిన్నటి నుంచి నా చేతులు నేనే చూసుకుంటున్నాను.

ఇవాళ పొద్దున చితి దగ్గరికి పంపటానికి వండమన్నారు అత్తయ్య. ఆ కుండలోనే వండమన్నారు.

"ఉప్పెయ్యి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పిండానికి ఉప్పు వెయ్యరు కదా అన్నాను.

"అందుకే ఎయ్యమంటున్నా. నా కొడుక్కి నేను పిండం పెట్టను."

ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాను. కుండ ముందు నిలబడ్డాను. పక్కగదిలో డ్రమ్ము ఉంది. అది మోగుతుందేమోనని చూశాను. మోగలేదు.

చెయ్యి కడిగేసుకున్నాను.

అత్తయ్య మూత తీసి రెండు మెతుకులు నోట్లో వేసుకున్నారు. పోయినవాళ్ళకి పెట్టేది ఎవరూ రుచి చూడరు. ఆవిడ చాలాసేపు నమిలారు.

"ఉప్పు సరిపోయింది" అన్నారు.

నేను వెయ్యలేదని చెప్పబోయాను. నా చెయ్యి పట్టుకున్నారు. నిన్నటి నుంచి నేను చూసుకుంటున్న ఆ చెయ్యే.

"రోజూ ఇట్టాగే వండేదానివా?"

అవునన్నాను.

"తినేవాడా?"

"కుండ ఖాళీ చేసేవారు అత్తయ్యా."

కుండని ఆవిడ ముట్టలేదు. నన్నే ఎత్తి ఇమ్మన్నారు, అక్కడ కూర్చున్న అందరి ముందూ.

బావగారూ, మీకు నచ్చదని, పలకకూడని ఆ మాట మీ గురించి నేను రాయను. మీ డ్రమ్ము మీద తువ్వాలు తియ్యలేదు. కుండ కడిగి బోర్లించాను.

భయం లేకుండానే వండాను. మీ జా దగ్గర చల్లగా ఉండండి.