ఉబ్బిన పలక

పిల్లలూ, మీరు దగ్గరుంటే ఈ మాట చెవిలో చెప్పేదాన్ని. పాట ఆగిపోయిన ఇల్లు ఎట్లా ఉంటుందో నేను సిద్దిపేటకు కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే చూశాను. అవి నిజాం రోజులు.

మా అత్తమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన తంబురా ఒకటుండేది. చేర్యాలలో వాళ్ల నాయిన తన చేతులతో చేసుకున్నదట. తెల్లవారుతుండగా ఆమె తీగలు మీటితే ఆ మోత పొయ్యి పొగలాగా మెల్లగా ఇల్లంతా పరుచుకునేది. నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకు తెలిసేది కాదు. ఆ మోత మీదనే ఆమె తత్వాలు పాడేది.

ఆ వానకాలం తంబురాకు చెదలు పట్టింది. గోడకు వేలాడుతూనే మెడ విరిగి కిందపడింది. మోత పలికే కింది సొరబుర్ర చీలింది. ఆ రోజు నుంచి అత్తమ్మ నోట పాట లేదు. ఎవరో వేరే తంబురా తెచ్చిస్తే ఒకసారి మీటి, ఇది నా పాటను మొయ్యదని పక్కన పెట్టేసింది.

మా మామ వడ్రంగి. అచ్చం అట్లాంటిదే చేసిస్తానన్నాడు. దారంతో కొలిచి, కొలిచిన చోటల్లా ముడి వేసుకున్నాడు. అదే వాటం సొరబుర్ర కోసం కొండపాక దాకా పోయి వచ్చాడు. బుర్ర మీద మూతలాగా కూర్చునే పలక మాత్రం పాతదానిలో నడుమ కొంచెం ఉబ్బి ఉంది. తేమకు ఉబ్బిందనుకుని, తన పలకను చిత్రిక పట్టి అద్దంలా చదును చేశాడు. వడ్రంగి ఇంట్లో వంకర అనేదే పెద్ద తిట్టు మరి.

కొత్తది అత్తమ్మ ఒళ్లోకి వచ్చింది. తీగలు పలికాయి కాని, దుప్పటి కింద నుంచి ఎవరో మాట్లాడినట్టుంది.

"తలుపు మంచిగ చేసినవయ్యా," అన్నది అత్తమ్మ. "గడియ ఒక్కటి పెట్టు, సరిపోతది."

మామ నవ్వలేదు. పాతదాని లోపల ఎట్లుందో చూస్తే తప్ప తనకు తెలియదన్నాడు. పలక లేపితే చెదలు తిన్న అంచులు పొడైపోతాయి, మళ్లీ అతకవు. ఆ తంబురా తప్ప వాళ్ల నాయినది ఆమె దగ్గర ఇంకేమీ లేదు. అందుకే లేపుతానని ఆయన అడగలేదు, లేపమని ఆమె అనలేదు. నిద్రపోతున్న పసిబిడ్డలా ఆ మాట చాలా రోజులు ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం, బయట ముసురు పట్టి ఉంది. అత్తమ్మ పాత తంబురాను కొంగుతో తుడిచి, తెచ్చి మామ ముందు పెట్టింది.

"విప్పు. దాచుకుంటే చెదలే తింటయి."

"నీ పానం ఒప్పుతదా?"

"నాకు పాట కావాలె."

పలక లేపుతుంటే ఆమె అక్కడే కూర్చుని చూసింది. అంచులు పిండిలా రాలాయి. మామ పలకను తిరగేసి, వెలుతురుకు పట్టి, లోపలి వైపు వేళ్లతో తడిమాడు. ఉబ్బు పొడుగునా ఉలి గాట్లు ఉన్నాయి. నడుమ మందంగా, అంచులకు పోను పోను పలచగా, ఎవరో ఓపికగా తొలిచిన పని.

"మీ నాయిన కావాలనే గిట్ల చేసిండే," అన్నాడు మెల్లగా. "నేనేమో ఆ ఉబ్బును తేమ మీదికి నూకిన."

కొత్తదానికి రెండో పలకను ఆయన ఆ గాట్ల తీరునే తొలిచాడు. నేను బియ్యం చెరుగుతూ ఆ ఉలి చప్పుడు వింటుండేదాన్ని. వానకూ దానికీ తేడా తెలిసేది కాదు.

అయిపోయిన తెల్లారి అత్తమ్మ తీగ మీటింది. మోత లేచింది. అదే మోత, కాని ఇంకా లేతగా ఉంది. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"పాతది కొత్తగున్నప్పుడు, నేను పుట్టకముందు, మా నాయిన గిదే మోత ఇన్నడేమో," అన్నది.

తర్వాత గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. పెరట్లో పళ్లు తోముకుంటున్న మామ, వేపపుల్ల నోట్లోనే ఉంచుకుని, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.