టీచరు గారి హోలీహాక్ పులుసు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే చర్చి మైకులో, మా పక్కింటి టీచరు గారు ప్రభువునందు నిద్రించారని చెప్పారు. నేను నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా ఆవిడ గోడ పక్కనే ఉంటున్నాను, తెల్లవారాక ఆవిడ నిద్రపోయిన రోజు ఒక్కటీ ఎరగను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. నిజమే, ఆవిడ పోయారు.

పిల్లలకు పాఠాలు చెప్పడం మానేశాక ఆవిడ మొక్కలకు చెప్పడం మొదలుపెట్టారు. అన్నిటిలోకీ హోలీహాక్ అంటే ప్రాణం. మనిషెత్తు కాడ, దాని పొడవునా అరచేతంత పూలు. చిన్నప్పుడు మిషన్ స్కూలు వాకిట్లో చూశారట. ఒక్క ఈస్టరుకైనా వాటిని బలిపీఠం మీద పెట్టాలని ఆవిడ ఆశ. లారీల కొద్దీ మొక్కలు పంపే కడియం పక్కనే ఉన్నా ఇది మాత్రం దొరకలేదు. కాకినాడలో ఉన్న కూతురు ఎక్కడినుంచో విత్తనాలు తెప్పించింది. హోలీ అంటే పరిశుద్ధం కాబట్టి ఇది బైబిల్లో పువ్వేనని చర్చి ఆడవాళ్లు తీర్మానించారు. టీచరు గారు దిద్దలేదు. "పేరు చూసైనా మేకలు మేయకుండా తోలతారు, ఉండనీ," అన్నారు నాతో.

పోయిన ఈస్టరుకి రెండు నెలల ముందు, కంటి ఆపరేషనుకని కాకినాడ వెళ్తూ ఎనిమిది మొక్కల్ని నాకు అప్పగించారు.

"రోజుకి గ్లాసుడు నీళ్లు, బాబూ. మొక్కకి దాహం తీర్చాలి గానీ స్నానం చేయించకూడదు."

పిసినారితనం అనుకున్నాను. పొద్దునొక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు పోశాను. వారం తిరిగేసరికి ఎనిమిదీ కుళ్లిపోయాయి.

బండి మీద కడియం వెళ్లి నర్సరీలన్నీ తిరిగాను. ఆఖరి నర్సరీ ఆయన నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఆ మొక్క లేదండి. ఆకు అలాంటిదే కావాలంటే బెండ ఉందండి, కవర్లలో." ఎనిమిది కవర్లు తెచ్చి, కుళ్లినవాటి చోట నాటేశాను.

టీచరు గారు నల్లకళ్లద్దాలతో దిగారు. తిన్నగా మొక్కల దగ్గరికెళ్లి ఆకులు నిమిరారు.

"బాగా ఎదిగాయే! నాకు చెప్పాల్సిందేమైనా ఉందా బాబూ?"

"ఏం లేదండి."

ఈస్టరు నాడు బలిపీఠం మీద గాజు గ్లాసులో నాలుగు బెండపూలు నిలబడ్డాయి. లేత పసుపు రేకులు, నడుమ ముదురెరుపు. పాస్టరు అయ్యగారు వాటిని "పరిశుద్ధ పుష్పాలు" అని పొగిడారు. నేను ప్రార్థన కాకముందే తలవంచాను. ఆయన ప్రసంగం ముగిసేసరికి పూలు ముడుచుకుపోయాయి.

ఆ మంగళవారం టీచరు గారు గోడ మీంచి గిన్నె అందించారు. "హోలీహాక్ పులుసు, బాబూ. చెప్పాల్సిందేమైనా ఉందా?"

మూత తీస్తే బెండకాయలు. దొరికిపోయానని తెలిసింది. అయినా "ఉప్పు సరిపోయిందండి," అన్నాను, రుచి చూడకుండానే. ఆ తర్వాత ఎన్ని గిన్నెలొచ్చాయో, ప్రతి గిన్నెతోనూ అదే ప్రశ్న. ఒక్క క్షమాపణ చెప్పడానికి అన్ని నెలలు చాలలేదు నాకు. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆవిడ పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, మొక్కల్ని చంపింది నేనేనని, బలిపీఠం మీదకి బెండ ఎక్కింది నా వల్లేనని ఏడుస్తూ చెప్పేశాను. చర్చంతా గొల్లున నవ్వింది. అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ, "మాకు అప్పుడే తెలుసండి," అన్నారు. "అబ్బాయి బెండ పెట్టాడు, ఎవరూ ఏమీ అనకండి, సిగ్గుపడతాడు అని టీచరు గారు ఇంటింటికీ వచ్చి మరీ చెప్పారండి."

ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆ మాట విన్నాక తెలిసింది. చెప్పాల్సిందేమైనా ఉందా అని ఇప్పుడు అడిగితే, చాలా ఉందండి.

కాకినాడ వెళ్లేముందు కూతురు ఒక పొట్లం ఇచ్చింది. పైన టీచరు గారి రాత: "పక్కింటి బాబుకి. వచ్చే ఈస్టరుకి. గ్లాసుడే." లోపల మళ్లీ తెప్పించిన, పల్చటి బిళ్లల్లాంటి హోలీహాక్ విత్తనాలు. వాటిలో కలిపి, గుండ్రటి బెండ విత్తనాలు ఎనిమిది.

వేరు చెయ్యలేదు. అన్నీ ఒకే వరసలో వేశాను. ఇప్పుడు ఆకులేస్తున్నాయి, ఏది ఏదో తెలియడం లేదు. రోజూ పొద్దున్నే గోడ పక్కన కూర్చుని, ఒక్కోదానికి గ్లాసుడు కొలిచి పోస్తున్నాను.