పెళ్లికారుకు లంగరు

నేను తడ దగ్గర తాళ్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుని. సముద్రంలో తేలుతూ కరెంటు తీసే గాలిమరలు ఉంటాయి. అవి అలలకు కొట్టుకుపోకుండా అడుగున లంగరుకు కట్టి ఉంచే సింథటిక్ తాళ్లు మేం చేస్తాం. ఇనుప గొలుసంత గట్టివి, నీళ్ల మీద తేలేంత తేలిక. చిత్తూరులో మా నాయనకు ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా ఆయన మాట ఒక్కటే.

"తాడు కట్టేదానికి ఇంజనీరు సదువెందుకురా? మన ఆవును కట్టేదానికి నేను యాడ సదువుకున్న్యా?"

అందుకే చెల్లెలి పెళ్లికి వస్తూ, పరీక్షలు చేయగా మిగిలిన బొటనవేలంత లావు తాడు పొడుగాటిది ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఆయనకు దాని బలం చూపిస్తేగాని నాకు మనశ్శాంతి లేదు.

ఆదివారం ఉదయం పెళ్లయింది. ఇంటి ముందరే పందిరి. మధ్యాహ్నం భోజనాలు సాగుతుండగా గాలివాన వచ్చింది. మా ఊరి ఎండాకాలపు గాలివానకు పెళ్లిళ్ల మీద ఏదో పగ ఉంది. పందిరివాళ్ల తాడు పుటుక్కున తెగి ఒక పక్క పైకి లేచింది. నేను ఎగిరి గంతేసి నా తాడు తీశాను. ఒక కొస పందిరి ఇనుప స్తంభానికి కట్టాను. రెండో కొసకు చుట్టుపక్కల ఏమీ దొరకలేదు, గేటు ముందు పూలతో ముస్తాబైన పెళ్లికారు తప్ప. దాని వెనక అడుగున, బండిని లాగే కొక్కెం భేషుగ్గా ఉంది. ఈ తాడు నున్నటిది, మామూలు ముడి జారిపోతుంది. కాబట్టి ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేశాను.

పందిరి కదల్లేదు. ఒక్క విస్తరి తడవలేదు. అందరూ మెచ్చుకున్నారు. నాయన మాత్రం "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం" అని సాంబారు బకెట్టు అందుకుని వెళ్లిపోయాడు.

వాన వెలిశాక అప్పగింతలు. వియ్యాలవారిది వేలూరు. పెళ్లికొడుకు పెదనాయన గడియారం చూస్తూ, "నాలుగున్నరకి రాహుకాలం, సీక్రం కానీండప్పా" అని అందర్నీ తరిమాడు. చెల్లెలి చేతులు పాలలో ముంచి వాళ్ల చేతుల్లో పెట్టేటప్పుడు నాయన దాని ముఖం కూడా సరిగా చూడలేదు. పెళ్లి కుదిరింది మొదలు పందిరి, వంటలు, చుట్టాలు అని తిరిగిన మనిషి, కూతురితో నిలబడి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఇదేనా ఆడపిల్లను పంపే తీరు అని నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అందరూ ఏడ్చారు. పెళ్లికొడుకు, చెల్లెలు కారెక్కారు. డ్రైవరు బండి కదిలించాడు. దాంతోపాటు మా పందిరి కూడా వేలూరు వైపు వంగింది. ఆఖరి బంతిలో తింటున్నవాళ్లు విస్తళ్లు పట్టుకుని లేచారు.

"ఆపప్పా! ఆపు!"

తడిసిన ముడులు గాలి లాగుడికి బిగిసి రెండు పక్కలా రాళ్లయిపోయాయి. కత్తిపీట తెచ్చారు, కత్తెర తెచ్చారు, కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి తెచ్చారు. కత్తులు మొద్దుబారాయిగాని తాడు తెగలేదు. వేరే బండిలో పంపుదామంటే, ముస్తాబు చేసిన బండి మార్చడం అపశకునమని పెళ్లికొడుకు మేనత్త ఒప్పుకోలేదు.

నాయన నా వైపు తిరిగాడు. "కట్టేది సదివినావు సరే, ఇప్పేది సదవలేదారా?"

కారులో చెల్లెలు కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. అప్పటికి నా బుర్ర పనిచేసింది. ఈ తాడు కత్తికి లొంగదుగాని వేడికి కరిగిపోతుంది. నేను చెప్పగానే వంటమాస్టరు పొయ్యిలో కత్తి ఎర్రగా కాల్చి పరుగున తెచ్చాడు. నాయన దాన్ని అందుకుని కారు వెనక వంగాడు.

"నాయనా, సెయ్యి కాల్తాది, సూసుకో" అంది చెల్లెలు కిటికీలోంచి.

నాయన అలాగే ఆగిపోయాడు. తర్వాత మెల్లగా లేచి గడియారం చూసుకున్నాడు. నేనూ చూశాను. నాలుగున్నరకు ఇంకా పావుగంట ఉంది.

"రాహుకాలం వచ్చేసినట్టుండాది బావా. ఇప్పుడు బయలుదేరకూడదు" అన్నాడు పెళ్లికొడుకు పెదనాయనతో.

ఆయన తన గడియారం చూశాడు. ఆ తర్వాత మా నాయన ముఖం చూశాడు. "ఆమప్పా, వచ్చేసె" అని అవునన్నట్టు తలూపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నాయన కత్తి నా చేతిలో పెట్టి కారు తలుపు తీశాడు.

"దిగుమ్మా. పొద్దున్నుంచీ ఏమన్నా తిన్న్యావా?" అని చెల్లెల్ని అడిగి, నా వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు ఆ కత్తిని సల్లారనీరా, ఇంజనీరూ."