కువైట్‌కు ఫోనులో వీడ్కోలు

కువైట్‌లో పందొమ్మిదేళ్లు ఉన్నాను. ఆ ఊరికి వీడ్కోలు మాత్రం సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో, మా తమ్ముడి ఇంటి మేడగదిలో కూర్చుని, ఫోనులో చెప్పాను.

మా ఆయనకు కిడ్నీలు పాడైతే, రెండు నెలల్లో తిరిగి వెళ్దామని వచ్చాం. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరు నెలలు బయట ఉంటే అక్కడి నివాస అనుమతి రద్దవుతుంది. ఆ ఆరు నెలలూ నిండబోతున్నాయి. అక్కడి మా ఇంటిని పక్కవాళ్లు ఖాళీ చేసి, సామాను తలా ఒకటి పంచుకున్నారు. నేనే పంచుకోమన్నాను.

అక్కడ ప్రతి శుక్రవారం జుమా నమాజు తర్వాత మా హాల్లో ఆడవాళ్లు కూడేవారు. రాయచోటి, కడప వైపు నుంచి ఇళ్లల్లో పనికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఖురాన్ చదివించి, అర్థం తెలుగులో చెప్పేదాన్ని. చిన్నప్పుడు మదర్సాలో నేర్చిన చదువు నన్ను వాళ్లందరికీ ఆపాను, అంటే పెద్దక్కను చేసింది.

దూరం పోయేవాళ్లు తెలిసినవాళ్లందరి దగ్గరా "కహా సునా మాఫ్" అనడం మాలో ఆనవాయితీ. అన్నదీ విన్నదీ క్షమించండి అని. అల్లా తన పట్ల జరిగిన తప్పును తాను మన్నిస్తాడు. తోటి మనిషికి చేసినదాన్ని ఆ మనిషే మన్నించాలి. ఈ పాఠం ఎన్నో శుక్రవారాలు నేనే చెప్పాను. మళ్లీ వస్తామనుకుని బయలుదేరాం కాబట్టి, అప్పుడు ఎవరికీ ఆ మాట అనలేదు.

అందుకని మధ్యాహ్నాలు, ముందురోజు డయాలసిస్ అలసటలో ఆయన పడుకున్నాక, ఒక్కొక్కరికి ఫోను చేయడం మొదలుపెట్టాను. రోజుకు ముగ్గురు నలుగురి కంటే చేతనయ్యేది కాదు. నా మాట పూర్తికాకముందే "మాఫ్ ఆపా, మాఫ్" అనేవారు. "మీ గ్రైండర్ నా కాడే ఉండాది, అదీ మాఫేనా?" అని ఒకావిడ నవ్వించింది కూడా. కొందరు ఏడ్చారు. ఫోను పెట్టాక నాకు ఏడుపు వచ్చేది కాదు, ఆవలింతలు వచ్చేవి.

ఒక్కరిని చివరికి ఉంచుకున్నాను. ఆమె రాయచోటి మనిషి, ఒక పెద్ద ఇంట్లో పని. వారానికి శుక్రవారం రెండు గంటలే సెలవు. రెండేళ్ల కిందట, నేను అర్థం చెబుతుంటే గోడకు ఆనుకుని నిద్రపోయింది. నాకు కోపం వచ్చింది. "నిద్రపోవాలంటే మీ మేడం ఇంట్ల పో. ఇది అల్లా మాట వినే జాగ" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె లేచి చెప్పులు వేసుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు. నేనూ వెతకలేదు. ఈ ఆరు నెలల్లో నమాజు చాప జానిమాజ్ మీద, సజ్దాలో నేలకు నుదురు ఆనించి నేను ఎన్నిసార్లు కునికానో అల్లాకే ఎరుక.

నంబరు ఒకామె దగ్గర అడిగి తీసుకున్నాను. అయిదోసారికి ఎత్తింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టి, ఆయన దుప్పటి మడతపెడుతున్నాను.

"ఎవురు?"

"నేనమ్మా, ఆపాను. సికింద్రాబాద్ నుంచి."

గొంతు తగ్గించింది. "ఏం కావాల ఆపా? మేడం లేస్తాది."

"మేం ఇంక వాపస్ వస్తలేం. కహా సునా మాఫ్ చెయ్యమ్మా."

"ఏం మాఫ్ చేయాల?"

"అన్నీ."

"అన్నీ అంటే నాకేం తెల్సు? ఏందో అది చెప్పండి."

మంచం మీద ఆయన కళ్లు తెరిచారు. స్పీకర్ ఆపుదామనుకుని, ఆపలేదు. ఆ రోజన్న మాటను ఉన్నదున్నట్టు మళ్లీ అన్నాను. "అందరి ముంగట అన్న. తప్పు నాదే" అన్నాను.

అవతల బట్టల మిషను తిరుగుతున్న చప్పుడు.

"ముందునాడు ఇంట్లో దావత్ ఆపా. రెప్ప ముయ్యలా నేను. నిద్రే కావాలంటే నా రూములో పండుకోనుంటా. ఆ ఎండలో మీ ఇంటికి ఏల నడిచొస్తా?"

ఇన్నేళ్లు అర్థాలు చెప్పినదాన్ని, ఆమె ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోలేదు.

"మాఫ్ చేస్తవా అమ్మా?" అన్నాను చివరికి.

"నోటితో అనేయొచ్చు. అబద్ధమైతాది. నన్ను కొంచెం ఆలోచించుకోనీండి. శుక్రవారం రెండింటికి చెయ్యండి, ఏదో ఒకటి చెప్తా." ఫోను పెట్టేసింది.

"ఏమైందే?" అన్నారు ఆయన, అంతా విని కూడా.

"శుక్రవారం చెయ్యమన్నది. వాళ్ల రెండింటికి."

"అంటే మనకు నాలుగున్నర. గప్పుడు నేను డయాలసిస్ మిషన్ మీదుంటగద."

"దవాఖాన మెట్ల మీదికి పోయి చేస్త."

"గంతమందిల ఒక్కతె గట్టిగ దొరికింది నీకు" అని సూదులు గుచ్చిన చేతిని జాగ్రత్తగా పక్కకు పెట్టుకుని, అటు తిరిగి పడుకున్నారు. "చార్జర్ మర్వకు. పోయినసారి లెక్క పరేషాన్ అయితవ్."

సగం మడిచిన దుప్పటి ఆయనకే కప్పి, సాయంత్రం అసర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకోవడానికి లేచాను.